దాచాం సరే, మళ్ళీ దొరుకుతుందా?

పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు, రికార్డింగులు ఇంట్లో పద్ధతిగా ఉంచుకోవడం ఎలా?



2024 దసరా సెలవులకు ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్ట్ ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్ళు పాడే బతుకమ్మ పాటలను ఫోన్‌లో రికార్డ్ చేసి, వాటి గురించి రెండు పేజీలు రాసి తేవాలి. ఒక అమ్మాయి వాళ్ళ నాయనమ్మను కూర్చోబెట్టి, ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా రోజుకో పాట చొప్పున తొమ్మిది పాటలు వాయిస్ రికార్డర్‌లో తీసింది. వాడకట్టు ఆడవాళ్ళంతా ఆడుతుండగా మూడు వీడియోలు కూడా తీసింది. రెండు పేజీలు చక్కగా రాసి తెచ్చింది. మంచి మార్కులు వేశాం.

దీపావళి దాటాక ఆ అమ్మాయి నాన్న స్కూలుకు వచ్చారు. "సార్, ఫోన్ నిండిందని చూపిస్తుంటే పాతయన్నీ తీసేసిన. అండ్ల మా అమ్మ పాటలు కూడ పోయినయట. బిడ్డ రెండు రోజుల నుంచి సరిగ తింటలేదు. ఏమన్న చెయ్యొచ్చా సార్?" అని అడిగారు.

ఫోన్ తీసుకుని వెతికాం. మూడు వీడియోలు ఫొటోల యాప్ ట్రాష్‌లో దొరికాయి, వెనక్కి తెచ్చాం. తొమ్మిది పాటలు మాత్రం దొరకలేదు. అవి ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. "ఏముంది, మళ్ళీ పాడించుకుందాం" అని అప్పుడు అందరం అనుకున్నాం. జనవరిలో ఆ నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. ఇప్పుడు అందరినీ గుర్తుపడతారు, మాట మాత్రం తడబడుతోంది.

ఆ ఇంట్లో ఎవరినీ తప్పు పట్టలేం. పాప శ్రద్ధగా రికార్డ్ చేసింది. ఫోన్ ఆగిపోతుంటే నాన్న ఖాళీ చేశారు. ఏది ముఖ్యమో, అది ఎక్కడుందో, దానికి ఇంకో కాపీ ఉందో లేదో ఇంట్లో అందరికీ తెలిసే ఏర్పాటు ఒక్కటే లేదు. నిజానికి ఆ మాట మేమూ చెప్పలేదు. ప్రాజెక్ట్ ఇచ్చాం, మార్కులు వేశాం. ఫైళ్ళు ఎక్కడ దాచారని ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఈ నెల ఈ వ్యాసం.

ఫోన్‌లో ఉంటే ఉన్నట్టేనా?

మనలో చాలామందికి ఫైళ్ళ విషయంలో మూడు అపోహలు ఉన్నాయి.

మొదటిది: "ఫొటోలన్నీ గూగుల్‌లోకి వెళ్ళిపోతాయి కదా, ఫోన్‌లోవి తీసేయొచ్చు." గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్ చేస్తే ఫొటోలు, వీడియోల కాపీ ఇంటర్నెట్‌లో ఉన్న మన ఖాతాకు వెళ్తుంది. ఇంతవరకు నిజమే. అయితే అదే యాప్‌లో ఒక ఫొటోను డిలీట్ చేస్తే ఫోన్‌లోదీ, ఖాతాలోదీ రెండూ ట్రాష్‌లోకి పోతాయి. బ్యాకప్ అయినవి అక్కడ 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు ఉంటాయి. ఆ తర్వాత ఇక రావు. ఖాతాలో కాపీ ఉంచి ఫోన్‌లో మాత్రమే జాగా చేసుకోవాలంటే యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' అనే ఆప్షన్ వేరుగా ఉంటుంది. ఇంకో సంగతి: ఈ యాప్ ఫొటోలను, వీడియోలను మాత్రమే చూసుకుంటుంది. వాయిస్ రికార్డింగులు, వర్డ్ ఫైళ్ళు, పీడీఎఫ్‌లు దాని పని కాదు. నాయనమ్మ పాటలు పోయింది ఇక్కడే.

రెండోది: "వాట్సాప్‌లో పంపాను, అక్కడ ఉంటుంది." వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది. ఫోన్ తెర మీద బాగానే కనిపిస్తుంది. ఛార్ట్ మీద అతికించడానికి పెద్దదిగా ప్రింట్ తీస్తే మసకబారుతుంది. ఉన్నది ఉన్నట్టు వెళ్ళాలంటే ఫొటోగా పంపకుండా 'డాక్యుమెంట్'గా పంపాలి. పైగా ఒక్కో గ్రూపులో రోజుకు ఎన్నో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు వచ్చే చోట, మూడు నెలల కిందటి ఫైల్‌ను వెతకడం గడ్డివాములో సూది వెతకడమే.

మూడోది: "ఇంటర్నెట్‌లో ఎంతైనా పడుతుంది." గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి అంతే. 2021 జూన్ 1 నుంచి బ్యాకప్ అయ్యే ఫొటోలు కూడా ఈ లెక్కలోకే వస్తున్నాయి. నిండిపోయిందంటే కొత్త ఫొటోలు వెళ్ళడం ఆగిపోతుంది. ఆ సంగతి నోటిఫికేషన్‌లో వస్తుంది. మనం చదవకుండా పక్కకు తోసేస్తాం.

రెండు ములుగులు, ఒకే పేరు

ఫైల్ పోకుండా ఉంటే సరిపోదు, కావలసినప్పుడు దొరకాలి. దొరకడానికి మొదటి మెట్టు పేరు. పేరు ఎందుకు ముఖ్యమో మన ఊరి వాళ్ళకు వేరే చెప్పాలా!

ఇంటర్నెట్‌లో 'ములుగు' అని కొట్టి చూడండి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర, రామప్ప గుడి ఫొటోలు వరస కడతాయి. అది 2019 ఫిబ్రవరి 17న ఏర్పడిన ములుగు జిల్లా. మనది రాజీవ్ రహదారి మీద ఉన్న ములుగు, సిద్దిపేట జిల్లా. అదైనా 2016 అక్టోబరు 11 నుంచే. అంతకు ముందు మనం మెదక్ జిల్లా వాళ్ళం. కాబట్టి ఎవరి కంప్యూటర్‌లోనైనా 'ములుగు ప్రాజెక్ట్' అనే ఫైల్ ఉంటే అది ఏ ములుగుదో తెలియదు. పాత కాగితం స్కాన్ చేసి 'మెదక్ జిల్లా' అనే ఫోల్డర్‌లో పెడితే, ఇప్పటి పిల్లలు దాన్ని సిద్దిపేట జిల్లా ఫోల్డర్‌లో వెతుకుతారు. పేరుతో పాటు తేదీ, చోటు కూడా ఉంటే ఈ చిక్కు రాదు.

ఫోన్ తనంతట తాను పెట్టే పేరు ఒక అంకెల వరస. మనం పెట్టుకునే పేర్లు 'ప్రాజెక్ట్', 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్'. రెండూ అక్కరకు రావు. పిల్లలకు ఈ వరస నేర్పండి: తేదీ, విషయం, ఎవరిది, ఎన్నో ప్రతి.

2024-10-10_సద్దులబతుకమ్మ_నాయనమ్మ_పాట09
2025-07-12_మనవీధిచెట్లు_వ్యాసం_ప్రతి02

తేదీలో సంవత్సరం ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు రాయాలి. అలా రాస్తే కంప్యూటర్ ఫైళ్ళను పేర్ల వరసలో పెట్టినప్పుడు తేదీల వరస కూడా దానంతట అదే వస్తుంది. ఇది ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న పద్ధతే. నెలకు, రోజుకు రెండేసి అంకెలు తప్పనిసరి. 9 అని కాకుండా 09 అని రాయాలి. లేకపోతే 10వ పాట 9వ పాటకంటే ముందు వచ్చి కూర్చుంటుంది. ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టినా ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు చక్కగా తీసుకుంటాయి.

ఎండిన మొక్క చెప్పే పాఠం

మన ములుగులో అటవీ కళాశాల ఉంది, కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మొక్కల గురించి చదివే వాళ్ళెవరినైనా హెర్బేరియం అంటే ఏమిటని అడగండి. మొక్కను కోసి, కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, మందపాటి షీట్ మీద అతికించి భద్రపరుస్తారు. షీట్‌కు ఒక మూల లేబుల్ తప్పకుండా ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించిన వారి పేరు అందులో రాస్తారు. మొక్క ఎండితే పువ్వు రంగు మారిపోతుంది, చెట్టు ఎంత ఎత్తుందో చిన్న కొమ్మను చూసి చెప్పలేం. అందుకే అలాంటి వివరాలను మొక్కను కోసిన చోటే రాసుకుంటారు. లేబుల్ లేని షీట్ ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు దాదాపు పనికిరాదు.

మన ఇంటి ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. పెళ్ళి ఫొటోలో వెనక నిలబడిన పెద్దాయన ఎవరో ఈ రోజు అమ్మకు తెలుసు. ఇరవై ఏళ్ళ తర్వాత మీ అబ్బాయిని ఎవరైనా అడిగితే? ఫొటో చెప్పని సంగతిని తెలిసిన మనిషి ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఈ పనిని పెద్ద ఎత్తున చేసి చూపించినవారు కాళీపట్నం రామారావు మాస్టారు. కథకులుగా అందరికీ తెలిసిన ఆయన 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని ఆయన సంకల్పం. పాత పత్రికలు, సంకలనాలు సేకరించడంతో అక్కడి పని ఆగలేదు. ఏ కథ, ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చింది అన్న వివరాలతో జాబితా తయారైంది. తర్వాత కథలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇవాళ ములుగులో కూర్చున్న విద్యార్థి శ్రీకాకుళం వెళ్ళకుండానే ఒక పాత కథను వెతికి చదువుకోగలుగుతున్నాడంటే, స్కానర్‌తో పాటు ఆ జాబితా కూడా కారణం.

మీ ఇంటికి అంత పెద్ద జాబితా అక్కర్లేదు. ప్రతి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో 'వివరాలు' అనే చిన్న ఫైల్ ఒకటి చాలు. ఇందులో ఏమేం ఉన్నాయి, ఎవరు తీశారు, ఎక్కడ తీశారు అని ఐదారు వాక్యాలు.

ఒక ప్రాజెక్ట్, మూడు ఫోల్డర్లు

పిల్లలు బొమ్మ గీసినా, వీడియో చేసినా, వ్యాసం రాసినా పని మూడు దశల్లో నడుస్తుంది: సేకరించడం, తయారుచేయడం, పూర్తిచేయడం. ఈ మూడూ ఒకే ఫోల్డర్‌లో కలిసిపోతేనే గందరగోళం. వంటింట్లో తరిగిన కూరగాయలు, పొయ్యి మీద ఉన్న కూర, వడ్డించే గిన్నె వేర్వేరుగా ఉంటాయి కదా, ఇదీ అంతే.

'మన వీధి చెట్లు' అనే ప్రాజెక్ట్‌నే తీసుకుందాం.

'1_సేకరించినవి' ఫోల్డర్‌లో వేప, కానుగ, మోదుగ చెట్ల ఫొటోలు, తాతయ్యతో మాట్లాడిన రికార్డింగ్, ఇంటర్నెట్ నుంచి తీసుకున్న బొమ్మలు ఉంటాయి. ఈ ఫోల్డర్‌లో ఉన్నవాటిని ఎప్పుడూ దిద్దకూడదు. ఫొటోను కత్తిరించాలన్నా, రంగు మార్చాలన్నా ముందు కాపీ చేసి రెండో ఫోల్డర్‌లోకి తీసుకెళ్ళాలి. ఒకసారి కత్తిరించి సేవ్ చేసిన ఫొటోలో తీసేసిన భాగం మళ్ళీ రాకపోవచ్చు.

'2_పనిలో' ఫోల్డర్‌లో వ్యాసం ప్రతి01, ప్రతి02, ప్రతి03 ఉంటాయి. పెద్ద మార్పు చేసే ముందు కొత్త నంబరుతో సేవ్ చేయాలి. "మొన్న రాసిందే బాగుంది" అని పిల్లలకు ఎన్నోసార్లు అనిపిస్తుంది. పాత ప్రతి ఉందన్న ధైర్యం ఉంటే కొత్తది రాయడానికి భయపడరు. మా అనుభవంలో ఈ పద్ధతి వల్ల పిల్లలకు దక్కే అసలు లాభం ఇదే.

'3_పూర్తయినవి' ఫోల్డర్‌లో స్కూలుకు ఇచ్చిన ప్రతి ఒక్కటే ఉంటుంది.

ఇంటర్నెట్ నుంచి బొమ్మ తీసుకుంటే అది ఎక్కడిదో అదే రోజు 'వివరాలు' ఫైల్‌లో రాయించండి. వికీమీడియా కామన్స్ లాంటి చోట ప్రతి బొమ్మ పక్కనే ఎవరు తీశారో, ఏ షరతుల మీద వాడుకోవచ్చో ఉంటుంది. ఏఐ యాప్‌తో బొమ్మ చేయించినా, పేరా రాయించినా అదీ రాయాలి. ఇతరుల పనికి వాళ్ళ పేరు రాయడం నేర్చుకున్న పిల్లలు తమ పనికీ విలువ ఇవ్వడం నేర్చుకుంటారు.

తెలుగు ఫైళ్ళతో ఒక జాగ్రత్త

డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి అను వంటి ఫాంట్లలో తెలుగు టైప్ చేశారు. అలా చేసిన ఫైల్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు తెలుగు అక్షరం బొమ్మను వేరే గుర్తు స్థానంలో పెట్టి చూపించడమే దీనికి కారణం. యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఫోన్ కీబోర్డుతో మనం టైప్ చేసేదంతా యూనికోడే. అందుకే అది ఎక్కడైనా చదవడానికి వస్తుంది, వెతికితే దొరుకుతుంది.

బయట టైప్ చేయించినప్పుడు "యూనికోడ్‌లో చేయండి" అని ఒక్క మాట చెప్పండి. దిద్దుకోవడానికి అసలు ఫైల్, చూడటానికి పీడీఎఫ్, రెండూ అడిగి తీసుకోండి.

ఒక్క కాపీ అంటే కాపీ లేనట్టే

తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమాను ఈ రోజు చూద్దామంటే ప్రింటు దొరకదు. మన సినిమా చరిత్రలో మొదటి పేజీ అది. దాని గురించి చదువుకోగలం, చూడలేం.

దీనికి ఎదురు కథ ఒకటి ఉంది. 1998లో అమెరికాలోని పిక్సార్ స్టూడియోలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక కమాండ్‌తో సినిమా ఫైళ్ళలో చాలా భాగం చెరిగిపోయింది. బ్యాకప్ ఉందిలే అని చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. గాలిన్ సుస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్‌కు అప్పుడు పసిబిడ్డ. ఇంటి నుంచి పని చేయడానికి ఆమె తన కంప్యూటర్‌లో సినిమా కాపీ ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను కారులో జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చి పని గట్టెక్కించారు. అంత పెద్ద స్టూడియోను కాపాడింది వేరే చోట ఉన్న ఇంకో కాపీ.

దీన్నే 3-2-1 సూత్రం అంటారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ముఖ్యమైన ఫైల్‌కు మూడు కాపీలు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. కనీసం ఒకటి ఇంటి బయట ఉండాలి. మన ఇళ్ళలో దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్ లేదా హార్డ్ డిస్క్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్ వంటి చోట ఒకటి. పెన్‌డ్రైవ్‌ను మాత్రమే నమ్ముకోవద్దు. అది పాడైపోతుంది, పోతుంది కూడా. బ్యాకప్ చేశాక ఒకటి రెండు ఫైళ్ళు తెరిచి చూడండి. పిక్సార్ వాళ్ళకు ఎదురైన సమస్య అదే కదా.

అన్నిటికీ మూడు కాపీలు అక్కర్లేదు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, మసకగా వచ్చిన ఫొటోలు, ఒకే దృశ్యానికి తీసిన పదిహేను ఫొటోల్లో పద్నాలుగు హాయిగా తీసేయండి. అక్కర్లేనివి తగ్గితేనే ముఖ్యమైనవి కళ్ళకు కనిపిస్తాయి. మళ్ళీ సంపాదించగలమా లేదా అన్నదే కొలత. సినిమా పాట మళ్ళీ దొరుకుతుంది. నాయనమ్మ పాట దొరకదు.

తల్లిదండ్రులు చేయగలిగింది

ఇదంతా కంప్యూటర్ తెలిసినవాళ్ళ పని అని అనుకోకండి. పేరు ఎలా పెట్టాలో, ఫోల్డర్ ఎలా చేయాలో పిల్లలు పది నిమిషాల్లో నేర్చుకుంటారు. ఏది విలువైనదో, ఫొటోలో ఉన్నది ఎవరో, ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగింది మీరే. నెలకో శనివారం సాయంత్రం అరగంట పిల్లలతో కలిసి కూర్చోండి. వాళ్ళు టైప్ చేస్తారు, మీరు చెప్పండి.

రెండు జాగ్రత్తలు. ఆధార్, మార్కుల మెమోల వంటి పత్రాలను ప్రాజెక్ట్ ఫైళ్ళతో కలపకండి. ప్రభుత్వ డిజిలాకర్‌లో దొరికేవి అక్కడి నుంచే తీసుకోండి. స్కూలు ఇచ్చిన ఖాతాలో పిల్లల పని ఉంటే, స్కూలు మారే ముందే ఇంటి ఖాతాలోకి కాపీ చేసుకోండి. ఆ ఖాతా తర్వాత మూసేస్తారు.

ఈ సంవత్సరం నుంచి మా వైపు కూడా ఒక మార్పు చేశాం. ప్రాజెక్ట్ తీసుకునేటప్పుడు "మూడు ఫోల్డర్లు ఉన్నాయా? రెండో కాపీ ఎక్కడుంది?" అని అడుగుతున్నాం.

ఈ నెల ఇంట్లో చేయండి

1. ఫోన్‌లో వాయిస్ రికార్డింగులు ఎక్కడ సేవ్ అవుతున్నాయో చూసి, ముఖ్యమైనవాటిని డ్రైవ్‌లోకి కాపీ చేయండి.
2. గూగుల్ ఖాతాలో 15 జీబీకి ఎంత నిండిందో చూడండి.
3. ఫొటోల యాప్ ట్రాష్ ఒకసారి తెరవండి. పొరపాటున పోయినవి ఉంటే గడువు లోపల వెనక్కి తెచ్చుకోండి.
4. పిల్లల పాత ప్రాజెక్ట్ ఒకటి తీసి మూడు ఫోల్డర్లలో సర్దించండి.
5. పది పాత ఫొటోలకు పేర్లు, ఊరు, సంవత్సరం రాయించండి.
6. ఇంట్లో పెద్దవాళ్ళతో పది నిమిషాలు మాట్లాడించి రికార్డ్ చేయండి. అదే రోజు రెండో కాపీ తీయండి.

ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న బతుకమ్మకు నాయనమ్మతో కలిసి ఆడిన వాడకట్టు ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, గుర్తున్నంతవరకు ఆ పాటలు పాడించుకుంది. ఆరు పాటలు వచ్చాయి. ప్రతి ఫైల్‌కూ తేదీ, పాట పేరు, పాడినవారి పేరు ఉన్నాయి. "కానీ ఇది నాయనమ్మ గొంతు కాదు కదా సార్" అంది. దొరికిన మూడు వీడియోల్లో ఒకదాంట్లో, చప్పట్ల మధ్య కొద్దిసేపు నాయనమ్మ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఆ వీడియోకు ఇప్పుడు మూడు కాపీలు ఉన్నాయి.

– కంప్యూటర్ విభాగం, ములుగు బ్రాంచ్